‘థేరి’ అంటే వృద్ధురాలేనా?

థేరీగాథలోని మొదటి గాథకూ పదహారవ గాథకూ మొదటి మూడు పాదాలలో భేదం స్వల్పం. తాను చేసుకొన్న వస్త్రాన్ని కప్పుకొని సుఖంగా విశ్రమించమనీ, రాగం శమించిందనీ రెండూ ఒక స్త్రీతో చెబుతాయి. ముఖ్యంగా మారినవి నాలుగవ పాదమూ, సంబోధనా. మొదటి గాథ ఆమెను ‘థేరికే’ అని పిలిస్తే, పదహారవ గాథ ‘వుడ్ఢికే’ అని పిలుస్తుంది. ‘థేరి’ అనగానే ‘వృద్ధ భిక్షుణి’ అని అర్థం రాసి ముందుకు సాగిపోయే అనువాదకుడు ఈ రెండు గాథలను పక్కపక్కన పెట్టుకొన్నప్పుడు ఇబ్బందిలో పడతాడు. రెండు సంబోధనలకూ అతని దగ్గర మిగిలేది ఒకే మాట.

పదహారవ గాథలోని స్త్రీ సుమన. అట్ఠకథ ప్రకారం ఆమె కోసలరాజు సోదరి. అవ్వను చూసుకోవలసిన బాధ్యత వల్ల ప్రవ్రజ్యను వాయిదా వేసుకొని, ఆ అవ్వ గతించిన తరువాత, తానూ వయసు మీరిన తరువాత సంఘంలో చేరింది. అందుకే ఆమెకు ‘వుడ్ఢపబ్బజితా’ అనే విశేషణం ప్రత్యేకంగా చేరింది. ‘థేరి’ అనే మాటలోనే వార్ధక్యం ఉండి ఉంటే ఈ విశేషణంతో పని లేదు. అదే గ్రంథంలో పదిమంది బిడ్డలను కని వయసు మళ్లిన సోణ ఉన్నది, కర్ర ఊతంతో భిక్షకు తిరిగి నేల మీద పడిపోయిన ధమ్మ ఉన్నది. అయితే గ్రంథంలో అతి దీర్ఘమైన చివరి రచన, పెళ్లిని నిరాకరించి స్వహస్తాలతో కేశఖండనం చేసుకొన్న సుమేధ అనే రాజకుమారి కథ. రెండవ గాథ బుద్ధుడు ముత్తకు చేసిన బోధ. అప్పటికి ఆమె ఇంకా ఉపసంపద పొందని శిక్షమాణ మాత్రమే అని పాలి పాఠమే చెబుతుంది. అయినా శీర్షిక ఆమెనూ థేరి అనే అంటుంది. కనుక ఇక్కడ ‘థేరి’ వయోవాచకం కాదు. సాధించిన స్థితిని బట్టి పరంపర ఇచ్చిన గౌరవనామం.

‘థేర’ శబ్దానికి సంస్కృత మూలం ‘స్థవిర’. అందులో వార్ధక్యం కంటె ముందుగా వినిపించేది స్థైర్యం. మొదటి గాథకు ధమ్మపాలుడు చెప్పిన కథ ఈ సందర్భంలో ఆసక్తికరమైనది. ఆమె వైశాలికి చెందిన క్షత్రియ కుటుంబంలోని స్త్రీ అనీ, దృఢమైన శరీరం వల్ల ఆమెకు ‘థేరికా’ అనే పేరు వచ్చిందనీ ఆయన వ్యాఖ్యానం. వంట చేస్తుండగా మంట చెలరేగి కూర మాడిపోవడం ఆమెకు అనిత్యతను చూపిందట. గాథ చివర కుండలో ఎండిపోయిన ఆకుకూర ఉపమానం ఉన్నది కనుక, ఆ ఉపమానం నుంచే కథ పుట్టి ఉండవచ్చుననే అనుమానం కలగడం సహజం. అయినా ఆరవ శతాబ్దికి చెందినవాడని భావించే ఈ వ్యాఖ్యాతకు ‘థేరికా’ అనే మాటలో నెరిసిన తల గాక గట్టి దేహం కనిపించడం గమనార్హం. ధమ్మపదం కూడా తల నెరిసినంత మాత్రాన ఎవరూ థేరుడు కాడనీ, అలాంటివాడు వృథాగా ముదిసినవాడనీ అంటుంది. పొట్టిగా, చిన్నవాడిలా కనిపించే లకుంటక భద్దియుని చూసి పొరబడిన భిక్షువులకు చెప్పిన మాట అది.

ఇంగ్లీషు అనువాదకులు ఈ మాటను ముగ్గురు మూడు విధాలుగా పరిష్కరించుకొన్నారు. 1909లో కెరొలిన్ రైస్ డేవిడ్స్ తన అనువాదానికి ‘సామ్స్ ఆఫ్ ద సిస్టర్స్’ అని పేరు పెట్టారు. క్రైస్తవ సన్యాసిని ఛాయ పడిన ఆ ‘సిస్టర్’లో తోబుట్టువు ఉన్నదే గాని పెద్దరికం లేదు. పాఠకులకు ఆ గాథలు దగ్గర కావడానికి ఆ పేరు తోడ్పడి ఉండవచ్చు. కాని పురుషులు రచించిన సంపుటి విషయంలో ‘థేర’ శబ్దం సోదరత్వానికే పరిమితం కాదు. 1971లో కె. ఆర్. నార్మన్ ‘ఎల్డర్స్ వర్సెస్’ రెండవ భాగంగా ప్రచురించినప్పుడు పెద్దరికం తిరిగి వచ్చింది. స్త్రీత్వం మాత్రం పేరులోంచి తొలగిపోయింది. 2015లో చార్లెస్ హాలిసే ‘థేరీగాథ’ అనే మూలనామాన్నే ఉంచి, తొలి బౌద్ధ స్త్రీల కవితలు అని ఉపశీర్షిక చేర్చారు. ముగ్గురిలో ఇదే మేలైన మార్గం. అయినా ఉపశీర్షికలో సంఘం ఇచ్చిన ప్రతిష్ఠ కనిపించదు.

తెలుగులో చిక్కు ఇంకొక విధమైనది. గౌరవనీయురాలైన పెద్ద స్త్రీని సూచించే మన మాటలలో అధికభాగం కుటుంబం నుంచి వచ్చినవి. అవ్వ, పెద్దమ్మ, జేజి బంధుత్వాలు. ‘పెద్ద ముత్తైదువ’ మరీ గౌరవప్రదమైనది, కాని ఆ గౌరవం భర్త జీవించి ఉండడం మీద నిలిచినది. బిడ్డలను పోగొట్టుకొన్న పటాచారను గాని, ఇల్లు విడిచిన సోణను గాని ఆ మాటతో పిలవడం వారి జీవితాలను తారుమారు చేస్తుంది. ‘ముసలమ్మ’ సంబోధనగా కొన్ని ఊళ్లలో ఆప్యాయమే, గ్రంథంలో మాత్రం గౌరవం కోల్పోతుంది. ‘స్థవిర’ సాధువైన మాటే, అయితే నిఘంటువు వెతికేవారికి తప్ప పలకదు. బంధుత్వంతోనూ భర్తతోనూ సంబంధం లేకుండా ఒక స్త్రీకి పెద్దరికం దక్కిందని చెప్పడానికి ‘థేరి’నే తెలుగులో ఉంచుకోవడం సమంజసం. అప్పుడు బహువచనం ‘థేరీలు’ అని రాయాలి. ‘థేరులు’ అంటే పురుషులతో కలిసిపోతారు.

ఆంధ్రదేశ శాసనాలలో ఈ జాగ్రత్త మరింత అవసరం. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన, వీరపురుషదత్తుని 14వ రాజ్య సంవత్సరపు శాసనంలో ‘థేరియానం తంబపంణకానం’ అనే పదాలున్నాయి. దాత స్త్రీ కావడం వల్ల, అక్షరసామ్యం వల్ల దీనిని సింహళ థేరీలుగా భ్రమపడే అవకాశం ఉంది. అది ‘థేరియ’ అనే విశేషణానికి షష్ఠీ బహువచనం. ఆచార్యులకు సంబంధించిన మాట, థేర పరంపరను సూచించేది. ‘థేరి’ శబ్దానికి పాలిలో ఆ రూపం ‘థేరీనం’ కావాలి. భిక్షుణుల పెద్దరికాన్ని వెతకవలసినది వేరే చోట. అమరావతి శాసనాలలో భిఖుని, పవజితికా, అతేవాసిని అనే మాటలు కనిపిస్తాయి. అక్కడి ఒక శాసనం ‘ఉవఝాయిని’ సముదియను, వినయధరుడైన అయ పునవసుని శిష్యురాలిగా పేర్కొంటుంది. ఉపాధ్యాయిని అంటే ఆమె క్రింద శిష్యులు ఉన్నారన్నమాట. వినయం ప్రకారం 12 వర్షావాసాలు నిండని భిక్షుణి ఇతరులకు ఉపసంపద ఇప్పించడం దోషం. ‘థేరి’ అనే మాట లేకపోయినా ఆ శిలాఫలకం మీద ఉన్నది పెద్దరికమే.

అలాగని ఆ పెద్దరికాన్ని హద్దులు లేనిదిగా చిత్రించడం సరికాదు. భిక్షువులు, భిక్షుణులు భేదం లేకుండా సీనియారిటీని అనుసరించి పరస్పరం నమస్కరించుకొనే విధంగా అనుమతించమని మహాపజాపతి ఆనందుని ద్వారా కోరినట్లు చుల్లవగ్గం చెబుతుంది. ఆ కోరిక మన్నింపబడలేదు. నూరేళ్ల ఉపసంపద గల భిక్షుణి కూడా ఆనాడే ఉపసంపద పొందిన భిక్షువుకు లేచి నమస్కరించాలన్నదే నియమం. మహాపజాపతి అభ్యర్థనలో వాడిన పదం ‘యథావుడ్ఢం’. సుమన విషయంలో వయసును చెప్పిన అదే ‘వుడ్ఢ’ శబ్దం ఇక్కడ దీక్షావర్షాలను చెబుతుంది. కనుక ‘వుడ్ఢ’ అన్న ప్రతిచోటా ‘వృద్ధ’ అని రాయడం కూడా అంతే పొరపాటు. సందర్భం చూడక తప్పదు.