‘ఉత్తర చూసి ఎత్తర గంప’: కార్తె సామెతలో వలస నిర్ణయం – కోసిగి ప్రాంత నేపథ్యం

కార్తె సామెతలను వాతావరణ సూచనలుగా స్వీకరించి, వాటి శాస్త్రీయతను నిర్ధారించడం జానపద పరిశోధనలో స్థిరపడిన పద్ధతి. ఈ పద్ధతికి పూర్తిగా లొంగని సామెత ‘ఉత్తర చూసి ఎత్తర గంప’. ఉత్తర కార్తెలో వాన పడకపోతే ఊరు విడిచి బతుకుతెరువు వెదుక్కోవాలన్నది దీనికి వాడుకలో ఉన్న అర్థం. కర్నూలు జిల్లా పశ్చిమాన, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న కోసిగి వంటి వర్షాధార ప్రాంతం నుంచి చదివితే, ఇందులో జోస్యం కన్నా నిర్ణయమే ప్రధానమని తెలుస్తుంది.

‘మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుంది’ అన్న సామెతతో పోల్చినప్పుడు నిర్మాణభేదం స్పష్టమవుతుంది. అందులో ‘కురిస్తే’ అనే చేదర్థకం, ప్రథమపురుష క్రియ ఉన్నాయి. ఉత్తర సామెతలో వాన అన్న మాటే లేదు. ‘చూసి’ అనే క్త్వార్థకం వెనుక దాదాపు పద్నాలుగు రోజుల నిరీక్షణ ఉంది. ఏమి చూశారో సామెత చెప్పదు. ఆ వెంటనే విధ్యర్థకం. నక్షత్రనామంలోని చివరి అక్షరమే ‘ఎత్తర’లో సాటి మనిషిని పిలిచే పిలుపైంది. ప్రాస జ్ఞాపకానికి సాధనం మాత్రమేనన్న సాధారణ వివరణ ఇక్కడ చాలదు.

ఉత్తరే ఎందుకు? సెప్టెంబరు 13 ప్రాంతంలో ప్రవేశించే ఈ కార్తె నాటికి ఖరీఫ్ పైరు చేనిలో ఉంటుంది. రబీ జొన్న, శనగలకు నల్లరేగడిలో పదును కావలసిన సమయమూ సమీపిస్తుంది. మృగశిర తప్పితే ఆరుద్ర ఉంది. ఉత్తర తప్పితే రెండు పంటల ఆశా సన్నగిల్లుతుంది. నిజానికి ఆ తరువాత హస్త, చిత్త కార్తెలలోనూ వానలు పడవచ్చు. అయినా సామెత ఆగమనదు. ఎదురుచూసే తాహతు ఇక లేదన్నదే దాని మాట. 1868లో ఎం.డబ్ల్యు. కార్ ప్రచురించిన సంకలనం మొదలుకొని ప్రబలిన అకారాది క్రమంలో ఉత్తర ముందు, మృగశిర తరువాత వస్తాయి. కార్తెల వరుస చెదరడంతో ఈ తెగింపు కనిపించకుండా పోయింది.

కోసిగి పరిసరాలలో గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు వలస వెళ్లడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. సొంత చేనిలో పంట దక్కనివారి ప్రయాణానికి పరాయి చేని పంటకాలమే పేరైంది. నేడు పత్తి విత్తిన రైతుకు ఉత్తర నాటికి పెట్టుబడి అంతా నేలలోనే ఉంటుంది. వాన లేకున్నా వెంటనే గంప ఎత్తలేడు. అప్పు తీర్చడానికి వాన పడిన ఏడు కూడా సుగ్గికి వెళ్లే కుటుంబాలకు ‘చూసి’ అన్న పదం వర్తించదు. వారి విషయంలో సామెతలో మిగిలేది ‘ఎత్తర గంప’ మాత్రమే.