మోగ్లీ మన ఇంటికి ఏ భాషలో వచ్చాడు?

డబ్బింగు అనగానే సాహిత్యం వాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటారు. అది సినిమా వాళ్ల పని, పెదవుల కదలికకు మాటలు అతికించే పని అని మన అభిప్రాయం. అనువాదానికి సమీక్షలున్నాయి, సభలున్నాయి, బహుమతులున్నాయి. డబ్బింగుకు అవేవీ లేవు. కాని ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరో భాష వింటూ పెరిగే మన పిల్లల విషయంలో ఈ చిన్నచూపు చెల్లదు. పుస్తకం పట్టుకోవడం చేతకాకముందే ఏదో ఒక భాష వాళ్ల ఊహలోకి వచ్చి పీట వేసుకుంటుంది. ఏ భాష వచ్చి కూర్చోవాలో చాలాసార్లు నిర్ణయించేది టీవీలో వినిపించే డబ్బింగు గొంతే. అందుకని ఒక పాత జపాన్ బొమ్మల సీరియల్‌ను ఈ పేజీల్లో చర్చకు పెట్టడం అసందర్భం కాదనుకుంటాను.

ఆ సీరియల్ 'జంగిల్ బుక్'. జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ సంస్థ ఫుమియో కురోకావా దర్శకత్వంలో దీన్ని తీసింది. 1989 అక్టోబరు నుంచి 1990 అక్టోబరు దాకా టీవీ టోక్యోలో 52 భాగాలుగా వచ్చింది. మన దేశంలో 1993లో దూరదర్శన్ దాన్ని హిందీలో, ఆదివారం ఉదయాల్లో చూపించింది. కోరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం పట్టణాల్లో అప్పుడు మేడ మీద అంటెన్నాకు అందేది దూరదర్శన్ ఒక్కటే. కాబట్టి తెలుగు ఇంటి పిల్లవాడైనా, ఒడియా ఇంటి పిల్లవాడైనా మోగ్లీని విన్నది హిందీలోనే. ఇప్పుడు నలభై ఏళ్లు దాటుతున్న వాళ్లను మోగ్లీ గురించి కదిపి చూడండి. ముందు పాట గుర్తొస్తుంది, తర్వాత షేర్‌ఖాన్ గొంతు గుర్తొస్తుంది. బొమ్మ గుర్తు రావడం ఆ తర్వాతే.

ఈ కథ చేసిన ప్రయాణం చిత్రమైనది. రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషువాడు. 'జంగిల్ బుక్' 1894లోనూ, దాని రెండో భాగం 1895లోనూ వెలువడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం రాసింది అమెరికాలోని వెర్మాంట్‌లో కూర్చుని. కథ జరిగేది మాత్రం నేటి మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో. జంతువులకు ఆయన పెట్టిన పేర్లు చాలావరకు హిందుస్తానీ మాటలే. భాలూ అంటే ఎలుగుబంటి, హాథీ అంటే ఏనుగు, అకేలా అంటే ఒంటరివాడు. ఇంగ్లీషు పిల్లవాడికి ఇవి వింత శబ్దాలు. మన వాళ్లకు అవి వట్టి జాతి పేర్లు. ఎలుగుబంటి పేరు ఎలుగుబంటి, అంతే.

జపాన్ వాళ్లు ఈ కథను తీసుకుని తమకు కావలసినవి చేర్చారు. మోగ్లీకి తోడబుట్టినవాళ్లలాంటి తోడేలు పిల్లలకు పేర్లూ స్వభావాలూ ఇచ్చారు. కిచీ అనే ఎర్ర పాండా పిల్లను తెచ్చారు. ఎర్ర పాండా హిమాలయాల్లో బతికే జంతువు, సివనీ అడవిలో దానికి చోటు లేదు. మోగ్లీ చేతికి బూమరాంగ్ ఇచ్చారు. ఒకే గుక్కలో రెండు గంటల్లో చెప్పే సినిమాకు లేని సావకాశం 52 భాగాల సీరియల్‌కు ఉంది. ఆ సావకాశాన్ని వాళ్లు బాగానే వాడుకున్నారు. పిల్లవాడు వారం వారం కొంచెం కొంచెంగా పెరుగుతాడు, తప్పు చేస్తాడు, తిట్లు తింటాడు, నేర్చుకుంటాడు. ఇన్ని దేశాలు తిరిగిన బొమ్మ అయినా చూసేవాడికి పరాయిగా అనిపించకపోవడానికి కారణం ఈ నిదానమే.

ఇక హిందీ చేసిన పని చూద్దాం. జపాన్ పాటను అలాగే హిందీలోకి దించలేదు. గుల్జార్ కొత్తగా పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. నిక్కరేసుకున్న పిల్లవాణ్ణి పువ్వుగా భావించి, ఆ కబురు అడవంతా పాకినట్టు చెప్పే పాట అది. పెద్ద కవి పిల్లల దగ్గర వంగి మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. షేర్‌ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు ఇచ్చారు. ఆ గరగర, ఆ వెటకారం జపాన్ బొమ్మలో లేవు, గొంతులోంచి బొమ్మకు వచ్చాయి. 2016లో డిస్నీ వారి కొత్త 'జంగిల్ బుక్' హిందీలో వచ్చినప్పుడు షేర్‌ఖాన్‌కు మళ్లీ పాటేకర్‌నే పిలిచారు, పాత పాటనే కొత్తగా పాడించి ప్రచారానికి వాడుకున్నారు. 2020లో దేశమంతా ఇళ్లలో మూతపడి ఉన్నప్పుడు దూరదర్శన్ ఆ పాత సీరియల్‌నే మళ్లీ వేసింది. మూలం జపానుదైనా హిందీ వాళ్లు దాన్ని తమ సొత్తుగా చేసుకున్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ప్రతి డబ్బింగూ ఇలా మేలు చేస్తుందని కాదు. దీనికి పాతికేళ్ల ముందరి సంగతి ఒకటుంది. ఒసాము తెజుకా 1950 నుంచి 1954 దాకా గీసిన బొమ్మల కథ ఆధారంగా 1965లో జపాన్ టీవీలో ఒక తెల్ల సింహం పిల్ల సీరియల్ మొదలైంది. అదీ 52 భాగాలే, రంగుల్లో వచ్చింది. మూలం పేరుకు 'అడవి చక్రవర్తి' అని అర్థం, సింహం పిల్ల పేరు లియో. అమెరికా ఎన్‌బీసీ దాన్ని కొని, ఫ్రెడ్ లాడ్ పర్యవేక్షణలో ఇంగ్లీషు చేయించి, 1966లో 'కింబా ద వైట్ లయన్' అని చూపించింది. లియో కింబా అయ్యాడు. తండ్రి పంజా సీజర్ అయ్యాడు. చిలుక కోకో పాలీ క్రాకర్ అయింది. ముందు సింబా అనుకున్నారట. అది స్వాహిలీలో సింహానికి మామూలు మాట, దాని మీద హక్కు రాదని ఒక అక్షరం మార్చారు.

పేర్ల సంగతి అలా ఉంచండి. ఏ భాగాన్ని ఏ రోజు వేసినా చెల్లేటట్టు ఉండాలని అమెరికా వాళ్లు కోరారు. అంటే కథ ముందుకు సాగకూడదు, పిల్ల పిల్లగానే ఉండాలి. తెజుకా కథలో ముఖ్యమైనది లియో పెరిగి తండ్రి కావడం. ఆ భాగాన్ని ఆయన 1966లో వేరే సీరియల్‌గా, 26 భాగాల్లో తీసుకోవలసి వచ్చింది. అది ఇంగ్లీషు టీవీకి చేరింది 1984లో. కింబాకు గొంతు ఇచ్చిన బిల్లీ లూ వాట్ గొప్ప కళాకారిణి, ఆ గొంతు మీద పెరిగిన అమెరికా పిల్లలు ఈనాటికీ ఆమెను తలుచుకుంటారు. లోపం గొంతులో లేదు. పిల్లలకు కాలం అర్థం కాదని, పెరగడం అక్కర్లేదని అనుకున్న వ్యాపారంలో ఉంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే డబ్బింగును దేనితో కొలవాలో తెలుస్తుంది. మాటకు మాట సరిపోయిందా అన్నది చిన్న కొలత. ఒక ప్రాణి మరో ప్రాణిని ఏమని పిలుస్తోంది, ఆ పిలుపులో ఎవరికి ఎవరు ఏమవుతారు అన్నది అసలు కొలత. జపాన్ భాషలో 'నేను' అనడానికే మనిషిని బట్టి వేరువేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో అవన్నీ ఒక్క మాటలో కలిసిపోతాయి. హిందీకి 'ఆప్', 'తుమ్', 'తూ' అని మూడు మెట్లున్నాయి కాబట్టి ఆ తేడా కొంత తిరిగి వస్తుంది. మరి తెలుగులో? మనకు మెట్లే కాదు, చుట్టరికాలున్నాయి. నక్క మనకు నక్కబావ. కోతి కోతిబావ. చిలకమ్మ, ఉడతమ్మ, కాకమ్మ. పిల్లి ఏకంగా పులికి మేనత్త. పక్కింటి ఒడియా పిల్లలకు పులి 'బాఘొ మాము', అంటే మేనమామ. అడవిని కుటుంబంగా చూడటం ఈ ప్రాంతపు భాషలకు కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

అయితే మన అచ్చు పుస్తకాల్లో జంతువులు మొదట మాట్లాడింది ఇంటి తెలుగు కాదు. చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది. అందులో కరటక దమనకులు గ్రాంథికంలో రాజనీతి చర్చిస్తారు. అందమైన గద్యమే, కాని పిల్లవాడి చెవికి పాఠం. ఆ దూరాన్ని తగ్గించింది 'చందమామ'. 1947 జులైలో తెలుగులోనూ తమిళంలోనూ మొదలై, తర్వాత మిగతా భాషల్లోకి వెళ్లింది. ఒడియాలో దాని పేరు 'జహ్నమాము'. అదే బొమ్మ, వేరే మాట. ఆలోచిస్తే అది అచ్చులో జరిగిన డబ్బింగే. కాని మామ తెలుగులో మామగానూ, ఒడియాలో మాముగానూ మిగిలాడు, ఏ ఇంట్లోనూ పరాయివాడు కాలేదు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అలాంటిది టీవీలో మన పిల్లలకు సకాలంలో దొరకలేదు.

సకాలంలో అని ఎందుకంటున్నానంటే, తెలుగు ఉపగ్రహ ఛానళ్లు జెమినీ, ఈటీవీ మొదలైంది 1995లో. అప్పటికి మోగ్లీ హిందీలో వచ్చి పాతుకుపోయాడు. తర్వాత తెలుగు డబ్బింగు పెద్ద ఎత్తునే వచ్చింది. 2019లో వచ్చిన 'లయన్ కింగ్'లో సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. 2024లో వచ్చిన 'ముఫాసా'కు మహేష్‌బాబు చెప్పారు. బాగానే ఉన్నాయి, హాళ్లలో పిల్లలు నవ్వారు. కాని అవి రెండు గంటల పండగలు. సింహం కనిపిస్తుంది, వినిపించేది తెలిసిన హీరో. పాటేకర్ కూడా పేరున్న నటుడే గదా అనవచ్చు. నిజమే. కాని 52 భాగాల సీరియల్లో వారం వారం వింటుంటే నటుడు మరుగునపడి పులి మిగులుతుంది. రెండు గంటల్లో ఆ వ్యవధి దొరకదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. తెలుగు డబ్బింగు అంటే ఏ తెలుగు? మన తాతముత్తాతల కాలంలో ఈ కోరాపుట్ విశాఖపట్నం ఏజెన్సీలో, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 1992 అక్టోబరులో రాయగడ వేరే జిల్లా అయింది. గీతలు మారాయి, మాట మారలేదు. మన మాట విజయనగరం, శ్రీకాకుళం మాటకు తోబుట్టువు. ఆ యాసకు తెలుగు తెర మీద దొరికిన చోటు ఎక్కువగా నవ్వించే పాత్ర దగ్గరే. భాలూ మోగ్లీని మందలిస్తూ "ఏట్రా గుంటడా, ఎక్కడికెల్లిపోనావు?" అంటే మన పిల్లవాడికి అది హాస్యం కాదు, తాతయ్య. గురువు నోట ఆ యాస పలికించే డబ్బింగు వచ్చిన రోజున మాత్రమే తెలుగు మోగ్లీ మన ఇంటికి వచ్చాడని ఒప్పుకోవచ్చు.

ఇంతవరకూ మనకు అందనిదాని గురించి చెప్పుకున్నాం. మనం ఇవ్వనిదాని సంగతీ చూడాలి. సివనీ గోండుల సీమ. కిప్లింగ్ రెండో పుస్తకంలో, ఊరిని అడవి మింగేసే కథలో, గ్రామస్థులు దిక్కు తోచక కబురు పెట్టేది ఒక గోండు పెద్దకే. గోండీ తెలుగుకు దగ్గర చుట్టం. మన పక్కన కంధులు మాట్లాడే కువి కూడా అదే కుటుంబం, దక్షిణ మధ్య ద్రావిడ శాఖ. ఇంగ్లీషు రాసింది, జపాన్ గీసింది, హిందీ పలికింది. ఆ అడవిలో నిజంగా బతికిన మనుషుల భాష ఒక్కటే ఎక్కడా వినపడలేదు. అడవికి ఒక ధర్మం ఉందని కిప్లింగ్ చెబితే లోకమంతా మెచ్చుకుంది. రాయగడకు కూతవేటు దూరంలోని కొండ పేరే నియమగిరి, డొంగ్రియా కంధుల దేవుడు నియమరాజు. 2013లో సుప్రీంకోర్టు చెప్పినమీదట జరిగిన గ్రామసభల్లో 12 పల్లెలూ తవ్వకాలు వద్దన్నాయి. అందులో 7 మన రాయగడ జిల్లావే. ఆ ధర్మం చెప్పిన భాష మన సంతలో రోజూ వినిపిస్తుంది. మనలో ఎంతమందికి అందులో పులిని ఏమంటారో తెలుసు?

హిందీ మన గొంతు నొక్కిందని, ఒడియా బడిలో తెలుగుకు చోటు లేదని మనం ఫిర్యాదు చేస్తాం. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. అదే న్యాయం కువికీ వర్తిస్తుంది. జంతువులు మాట్లాడని భాష పిల్లలకు పెళ్లిళ్లకూ తద్దినాలకూ మాత్రమే పనికొచ్చే భాషగా మిగిలిపోతుంది. ఈ ప్రమాదం మనకెంతో వాళ్లకు అంతకు పదింతలు.

పెద్ద సంస్థలు కోరాపుట్ తెలుగులో మోగ్లీని పలికిస్తాయని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. చేయగలిగిన పని ఒకటుంది. మన ఇళ్లలో ఏ జంతువును ఏ వరసతో పిలిచేవారో, ఏ కథలో ఏ పిలుపు ఉందో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోవాలి. పక్కనే ఒడియాలో ఏమంటారో, కువిలో ఏమంటారో కూడా అడిగి రాయాలి. డబ్బింగుకు ముడిసరుకు అదే. పాఠకులు అలా సేకరించినవి పంపితే, ఈ పత్రికలో నెలకో అరపేజీ దానికి కేటాయించమని సంపాదకులను నేను అడుగుతాను.