పడవ కింద మనిషి

తల మీద పడవ బోర్లించుకుని నడిచేవాడికి అడవి కనబడదు. తన కాళ్ళు కనబడతాయి, వాటి ముందు నాలుగడుగుల నేల కనబడుతుంది. రాలిన పైన్ ఆకులతో మెత్తబడ్డ బాట, అడ్డంగా పాకిన వేళ్ళు, బురదలో ముందు వెళ్ళినవాడి బూటు అచ్చు. పడవ బోలులో మన ఊపిరి మనకే తిరిగి వినిపిస్తుంది. ఒక్క దోమ లోపలికి చేరిందంటే దాని సన్నాయికి శ్రుతి కూడా పడవే వేస్తుంది. రెండు చేతులూ అంచులు పట్టుకుని ఉంటాయి కనక దాన్ని కొట్టే వీల్లేదు. నుదుటి మీద వాలి, తీరిగ్గా భోంచేసి పోతుంది.

కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలో ఆల్గాన్‌క్విన్ పార్కు ఉంది. అందులో కనూ లేక్ అనే సరస్సుకీ, దాని ఎగువనున్న జో లేక్‌కీ మధ్య కాలిబాట 295 మీటర్లు. మామూలుగా అయితే వీధి చివర కిరాణా కొట్టుదాకా వెళ్ళినంత. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో ఆ దూరాన్ని నేను మూడుచోట్ల ఆగి దాటాను. చివరికి చెట్ల సందుల్లో నీళ్ళు తళుక్కుమన్నాయి. పడవని తొడల మీదికి జార్చి, నీళ్ళలోకి దించి, నిటారుగా నిలబడ్డాను. అప్పుడు నా ప్రమేయం లేకుండానే భుజాలు రెండూ పైకి లేచాయి. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి, మణికట్ల వెనకభాగాలతో ద్వారబంధాన్ని గట్టిగా నెట్టి వదిలేసే ఆట ఒకటి ఆడేవాళ్ళం. చేతులు వాటంతటవే రెక్కల్లా లేచేవి. అచ్చం అలాగే. పదేళ్ళు దాటింది, ఏటా వేసవిలో ఆ రెక్కల కోసమే వెళుతున్నాను.

నేను మోసిన ఆ తెడ్డుపడవ పేరే కనూ. కనూ ప్రయాణం అనగానే అందరికీ తెలిసిన బొమ్మ ఒకటుంది. అద్దంలాంటి సరస్సు, కుంకుతున్న సూర్యుడు, ఎర్రటి పడవ. అబద్ధం కాదు, అవన్నీ ఉంటాయి. కానీ ఆ బొమ్మ చూసి వెళ్ళినవాళ్ళు చాలామంది ఆ బొమ్మనే ఫోనులో తీసుకొచ్చి ఊరుకుంటారు. ఏళ్ళ తరబడి వెళ్ళేవాళ్ళని కదిపి చూడండి, సూర్యాస్తమయం ఊసే ఎత్తరు. ఫలానా బాటలో మోకాటిలోతు బురద, ఫలానా రాత్రి గుడారంలోకి వచ్చిన వాన, మే నెలలో చెవుల వెనక కొరికే నల్ల ఈగలు. పెళ్ళిలో జరిగిన గొడవల్ని యాభై ఏళ్ళ తర్వాత మురిసిపోతూ చెప్పుకునే ముసలి దంపతుల్లా ఉంటారు.

నన్నడిగితే ఈ విద్యలో రసం పుట్టేది నీళ్ళ మీద కాదు, నేల మీద. రెండు సరస్సుల నడుమ పడవనీ మూటల్నీ మోసుకు నడిచే ఆ బాటకి పెట్టిన పేరు పోర్టేజ్, ఫ్రెంచి మాట, మోత అని అర్థం. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మనవాళ్ళు అదృష్టం గురించి అంటారు. ఇక్కడ అది రోజుకి నాలుగైదుసార్లు జరిగే పని. ఆ బండికి ఎద్దెవరో మాత్రం సామెత చెప్పలేదు. పడవకి నట్టనడుమ అడ్డంగా, మెడకి సరిపోయేలా వంపు చెక్కిన కర్ర ఉంటుంది. ఎడ్ల మెడ మీద వేసే కాడికి ఇంగ్లీషులో ఏ పేరో దీనికీ అదే పేరు. ఆ కాడి కిందికి మెడ దూర్చినప్పుడల్లా మా తాతగారి ఎడ్లు గుర్తొస్తాయి. అవి ఎందుకంత పొడుగ్గా నిట్టూర్చేవో ఇప్పుడు తెలుస్తోంది.

మోయాలి కనకే కనూ అంత అందంగా ఉంటుంది. అక్కడి ఆదివాసులైన అనిషినాబే జాతులవాళ్ళు బర్చి చెట్టు బెరడుతో దీన్ని కట్టే పద్ధతి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. మామూలు పడవకి ముందు అస్థిపంజరం, తర్వాత చర్మం. వీళ్ళది తిరగేసిన లెక్క. ముందు బెరడు నేల మీద పరుస్తారు, తెల్లటి పైతట్టు పడవ లోపలికి వచ్చేలా. రాళ్ళ బరువు పెట్టి, అంచులు పైకి మడిచి, స్ప్రూస్ చెట్టు వేళ్ళతో కుడతారు. అప్పుడు సీడర్ చెక్కతో వంచిన పక్కటెముకల్ని ఒక్కొక్కటిగా లోపల బిగిస్తారు. అతుకుల మీద చెట్టు జిగురు. మేకు అన్నది లేదు. బొక్క పడితే మందు ఆ ఒడ్డునే చెట్టుకి కారుతూ ఉంటుంది. తర్వాత కాలంలో సీడర్ చెక్క మీద కాన్వాసు గుడ్డ తొడిగిన పదహారడుగుల పడవలొచ్చాయి, బరువు 34 కిలోల దాకా. ఇప్పటి కెవ్లార్ పడవలు 20 కిలోల దరిదాపుల్లో ఉంటాయి. పదార్థం మారినా ఆ గీత మారలేదు. ఎంత తీసేసినా ఇంకా పడవగా మిగలాలి అన్న పంతం లోంచి వచ్చిన గీత అది.

ఈ మోతబాటలు వేసిందీ ఆ అనిషినాబే మనుషుల పాదాలే. అందుకే దీన్ని మనిషి అడుగు పడని ప్రకృతి అని ఎవరైనా పొగిడితే నాకు కొంచెం చిరాకు. పార్కు ఏర్పడింది 1893లో. దానికి పెట్టిన పేరు అక్కడి జాతి పేరే. జో లేక్ దారిలో ఆనకట్ట ఉంది, పార్కులో కొంతమేర చెట్లు కొట్టడం ఈనాటికీ సాగుతోంది. అడవి పవిత్రంగా ఉంటేనే ప్రేమిస్తాననే షరతు పెడితే ప్రేమించడానికి భూమ్మీద ఏదీ మిగలదు.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళింది ఆఫీసులో పెద్దాయన ఒకరు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. పదకొండో ఏట వేసవి శిబిరంలో తెడ్డు పట్టాడట. మూట కట్టేముందు మా ఇంటికొచ్చి నేను పోగేసినవన్నీ చాప మీద పరిపించాడు. మూడొంతులు పక్కకి తీసేశాడు. చివరికి ఆవకాయ సీసా దగ్గర ఆగాడు. లోపలి సరస్సుల్లోకి రేకు డబ్బాలూ, వాడి పారేసే సీసాలూ తీసుకెళ్ళకూడదని నియమం. మా ఆవిడ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ డబ్బాలోకి నాలుగు ముక్కలూ, పైన నూనె తేలేలా ఊటా సర్దిపెట్టి, “ఎలుగుబంటి వస్తే ఇదే పెట్టండి, మళ్ళీ రాదు” అంది. రాత్రిళ్ళు తిండి మూటని తాడు కట్టి చెట్టుకొమ్మకి ఎత్తుగా వేలాడదీస్తారు. ఆ మొదటి రాత్రి వెన్నెల్లో మా ఉట్టి అలా ఊగుతుంటే కింద కృష్ణుడి బదులు ఎలుగుబంటిని ఊహించుకుంటూ నిద్రపోయాను. బిడియస్తులకి ఇంకో పరీక్ష కూడా ఉంది. మరుగుదొడ్డి అంటే అక్కడ బిడారానికి వెనక, అడవిలో, గోడలు లేని చెక్కపెట్టె. అంతకన్నా వివరం అక్కర్లేదు.

ఇక తెడ్డు. మన భాషలో వంటింటి తెడ్డుకీ పడవ తెడ్డుకీ ఒకటే మాట కావడం నాకు ఇన్నాళ్ళూ యాదృచ్ఛికం అనిపించేది. ఇప్పుడు కాదు. రెండూ అడుగంటకుండా కలిపే పనే. పడవకి ఒకే పక్క తెడ్డు వేస్తే ముక్కు అవతలి పక్కకి తిరుగుతుంది. తిరగకుండా, వేసిన ప్రతి వేటు చివరా బొటనవేలు కిందికి దిగేలా మణికట్టు తిప్పి, తెడ్డు రేకుతో నీటిని కాస్త బయటికి నెట్టాలి. నీళ్ళలో ఆ దారి ఇంగ్లీషు జె అక్షరంలా, చేపల గాలంలా ఉంటుంది. మొదటిరోజు మేం సరస్సంతా పాములా మెలికలు తిరిగాం. రెండోరోజు మధ్యాహ్నం, ఎప్పుడో తెలియదు, మెలికలు ఆగిపోయాయి. తెడ్డు నుంచి జారిన చుక్కలు వరసగా నీటి మీద పడి ఒక్కొక్కటీ ఒక్కో వలయం వేస్తున్నాయి. వెనక్కి చూస్తే ఆ వలయాలు కుట్టు వేసినట్టు తిన్నగా ఉన్నాయి. పెద్దాయన వెనక కూర్చుని తెడ్డుని నీళ్ళలోంచి తీయకుండానే అరచేతిలో తిప్పుకుంటూ ముందుకు తెస్తున్నాడు. చప్పుడన్నది లేదు. అది వేటగాళ్ళ పద్ధతట. ఒడ్డున నీళ్ళు తాగుతున్న మూస్ దుప్పి తల కూడా ఎత్తలేదు.

ఈ మణికట్టు తిప్పడాన్నే సినిమాగా తీసినవాడు బిల్ మేసన్. 1929లో విన్నిపెగ్‌లో పుట్టాడు, 1988లో కాన్సర్‌తో పోయాడు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకి ఆయన తీసిన ‘పాత్ ఆఫ్ ద పాడిల్’ చిత్రాలు పైకి పాఠాలే. ఈ వేటు ఇలా, ఆ వడి అలా. కానీ మంచి సంగీతం మాష్టారు సరళీస్వరాలు చెబుతున్నప్పుడు కూడా వినాలనిపిస్తుందే, అలాంటి పాఠాలు. అంతకుముందు 1966లో తీసిన ‘పాడిల్ టు ద సీ’లో మనిషి కూడా పెద్దగా లేడు. ఓ పిల్లవాడు చెక్కిన చిన్న కొయ్యపడవ, మంచు కరిగాక ఏట్లో పడి, మహాసరస్సులన్నీ దాటి సముద్రం చేరుతుంది. దొరికినవాళ్ళు మళ్ళీ నీళ్ళలో వదలండని దాని అడుగున రాసి ఉంటుంది. కెమెరా చాలాసేపు నీటిమట్టంలోనే ఉంటుంది. ఆ ఎత్తు నుంచి చూస్తే అల కొండ, బాతు ఏనుగు. 1984 నాటి ‘వాటర్‌వాకర్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంబడి ఎర్ర కనూలో ఒక్కడే వెళుతుంటాడు, ఆగినచోట బొమ్మలు వేస్తాడు, నచ్చనివి మంటలో పడేస్తాడు. ఒంటరివాడిని తీస్తున్న కెమెరా వెనక ఇంకో మనిషి ఉంటాడు గదా అనే అనుమానం వస్తుంది, రావాలి కూడా. ఆ చలిమంటలో బొమ్మ అంచు ముడుచుకుంటున్నప్పుడు మాత్రం ఆ అనుమానం గుర్తుండదు. అంత అందం ముందు కూర్చుని తన చేతకానితనం ఒప్పుకున్న మనిషి కనిపిస్తాడు.

టొరంటోలోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ ఒంటారియోలో టామ్ థామ్సన్ వేసిన ‘ద వెస్ట్ విండ్’ అనే వర్ణచిత్రం ఉంది, 1916–17 నాటిది. కనూ ఎక్కకముందు దాని ముందు ఒక నిమిషం నిలబడి, బావుంది అనుకుని పోయాను. ప్రయాణం నుంచి వచ్చాక మళ్ళీ వెళితే కాలు కదల్లేదు. వంగిన పైన్ చెట్టు వెనక నీళ్ళు ముద్దముద్దగా, తెల్ల నురగలతో ఉంటాయి. అలాంటి ఎదురుగాలిలో గంటన్నర తెడ్డు వేసినవాడికి ఆ తెల్ల చుక్కలు అలంకారంగా కనిపించవు, భుజాల్లో నొప్పిగా కనిపిస్తాయి. థామ్సన్ 1912లో మొదటిసారి ఆల్గాన్‌క్విన్ వచ్చాడు, దారి చూపేవాడిగా పనిచేశాడు. ఒళ్ళో పట్టేంత చెక్కపలకల మీద చిత్తుబొమ్మలు వేసుకునేవాడు. పెద్ద పలక ఎందుకు లేదంటే, అదీ మోయాలి. 1917 జూలై 8న కనూ లేక్‌లో పడవేసుకుని వెళ్ళాడు, 16న శవం తేలింది. వయసు 39. ఆ చావు మీద వందేళ్ళుగా పుస్తకాలొస్తున్నాయి, నాకు వాటి మీద ఆసక్తి లేదు. ఆ నీటి మీదుగానే నా మొదటి మెలికలన్నీ తిరిగాయన్నది చాలు.

తర్వాత కెనడా ప్రధాని అయిన పియర్ ట్రూడో కుర్రతనంలో, 1944లో, కనూ ప్రయాణం మీద రాసిన వ్యాసం శీర్షికలోనే ‘పడవలో తాపసి’ అనే మాట ఉంది. తాపసి అన్న మాట నాకు సగమే నచ్చింది. తాపసి ఆకలిని జయించాలి. మాకు సాయంత్రానికి ఆకలి కాలయముడిలా వచ్చేది. పొయ్యి మీద ఉడికించిన అన్నం, ఆవకాయ, వాన చినుకుల చప్పుడు. పెద్దాయన ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాచాడు.

లూన్ పక్షి గురించి చెప్పకపోతే ఈ రసచర్చ పూర్తికాదు. రాత్రి రెండో జాములో సరస్సు మధ్య నుంచి అది కూస్తే తోడేలో, తల్లి తప్పిపోయిన పిల్లో అనిపిస్తుంది. అవతలి సరస్సు నుంచి ఇంకోటి బదులిస్తుంది. కెనడా డాలరు నాణెం మీద ఉన్నది ఈ పక్షే. నిజానికి 1986లో ఆ నాణెం మీద వేయాలనుకున్నది కనూ బొమ్మ. ఆ అచ్చులు ఒట్టావా నుంచి విన్నిపెగ్ టంకశాలకి పంపుతుంటే దారిలో పోయాయి. దొంగనాణేల భయంతో 1987లో బదులుగా లూన్‌ని ముద్రించారు. కనూని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్ళడం ప్రభుత్వానికీ కష్టమేనన్నమాట.

ఆ కూతకి మొదటి రాత్రి నాకు కలిగింది భయానకం. రెండోరోజు జలగని కాలి నుంచి పీకినప్పుడు బీభత్సం. పడవలోంచి దిగబోయి తీరికగా, నిలువునా, మూటతో సహా నీళ్ళలో పడ్డప్పుడు హాస్యం, నాకు కాదు, పెద్దాయనకి. భరతుడు లెక్కపెట్టినవి ఎనిమిది రసాలే. శాంతం తర్వాత వచ్చి చేరింది, చేర్చాలా వద్దా అని ఆలంకారికులు తరాల తరబడి వాదించుకున్నారు. నాలుగోరోజు తెల్లవారుజామున, పొగమంచులో, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆ వాదం ఎందుకొచ్చిందో అర్థమైంది. అప్పుడు నాలో ఏ భావమూ లేదు. పడవ దానంతటది కొద్దిగా తిరుగుతోంది. దాన్ని సరిదిద్దాలనిపించలేదు.

అప్పటికీ అది ప్రేమ అని తెలియదు. మూడు వారాల తర్వాత ఆఫీసు మీటింగులో ఎవరో పట్టికలు చూపిస్తుంటే పక్కనున్నామె నా చేతి వంక వింతగా చూసింది. పెన్నుని బల్ల మీద ముందు నుంచి వెనక్కి లాగి, చివర బొటనవేలు కిందికి దింపుతున్నాను. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి. ఎంతసేపటి నుంచో.

మొదటి ప్రయాణం చివర్న పడవని కారు మీదికి ఎత్తి తాళ్ళు బిగించి, 60వ నంబరు రోడ్డెక్కాం. ఒళ్ళంతా పొగవాసన. ఫోన్లు ప్రాణం పోసుకుని టింగుటింగుమంటున్నాయి. మొదటి మలుపులో పెద్దాయన బ్రేకు వేశాడు. బోర్లా పడుకున్న పడవ అంచు లోపల ఎక్కడో దాగిన జో లేక్ నీళ్ళు, ఒక దోసెడు, అద్దం మీదుగా జారాయి. ఎదురుగా చెట్లన్నీ వంకర్లు పోయాయి. ఆయన చెయ్యి వైపర్ మీటదాకా వెళ్ళి, తిరిగి స్టీరింగు మీదికి వచ్చింది.