వైకల్యం: పేరు మారింది, నుడికారం మారలేదు

'కుంటిసాకు', 'గుడ్డిగవ్వ', 'గుడ్డిదీపం' – ఈ మాటలు మీరూ వాడే ఉంటారు. నిలబడని సాకు కుంటిది, చెల్లని గవ్వ గుడ్డిది, వెలుగు చాలని దీపమూ గుడ్డిదే. పనికిరానితనాన్ని కొలవడానికి మనం సాటి మనిషి శరీరాన్ని కొలబద్దగా పెట్టుకున్నాం. 'చెవిటివాని ముందు శంఖం' అనే సామెత ఇంకా దూరం పోతుంది. అక్కడ వినబడకపోవడం కాస్తా వినదలచుకోకపోవడంగా మారిపోతుంది. సైగభాషలో ధారాళంగా వాదించగల వ్యక్తికి ఈ సామెత ఎంత అన్యాయం చేస్తుందో ఆలోచించండి.

ప్రభుత్వ పరిభాష మాత్రం మారింది. 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగం తరువాత 'వికలాంగులు' అన్నచోట 'దివ్యాంగులు' ప్రచారంలోకి వచ్చింది. పదనిర్మాణం గమనించండి: 'వికల' పోయి 'దివ్య' వచ్చింది, 'అంగం' అలాగే ఉంది. (దివ్యత్వం ఉన్నవారికి ర్యాంపు ఎందుకని అడిగేవారూ ఉండవచ్చు!) పొగడ్తే అయినా చూపు మళ్లీ శరీరం మీదే నిలిచింది, ఆఫీసు మెట్ల మీదికి పోలేదు. 2016 నాటి హక్కుల చట్టంలోని నిర్వచనం ఇంతకంటే ఎంతో మేలు. దీర్ఘకాలిక లోపం ఒక్కటే దానికి చాలదు. అది అవరోధాలతో కలిసి, ఇతరులతో సమానంగా సమాజంలో పాల్గొనడానికి అడ్డుపడాలి. ఇక్కడ మెట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

అభ్యాసం: వారం రోజుల దినపత్రికల్లో 'గుడ్డి', 'మూగ', 'పిచ్చి' వచ్చిన వాక్యాలను రాసుకోండి. ఆ మాట లేకుండా ప్రతి వాక్యాన్నీ తిరిగి రాసి, అర్థం ఎక్కడైనా తగ్గిందేమో పరిశీలించండి.