ప్లాస్టిక్ మీద తొలి పొర

మేడ్చల్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్ చలవ. ఈస్ట్‌తో పేచీ లేదు, ద్రవంలో తేలుతూనే పెరిగిపోతుంది. షామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు, జీనోమ్ వ్యాలీకి వెళితే కథ వేరు. భారత్ బయోటెక్ కోవాగ్జిన్ కోసం వైరస్‌ను పెంచింది వీరో కణాల్లో. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసిన ఈ కణాలకు మామూలుగా కాలూనే చోటుండాలి. లేకపోతే పెరగవు.

కణాల పెంపకమే నా ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్లలు మీడియాలో, అంటే కణాలను పెంచే పోషక ద్రవంలో, ఏమేం కలుపుతామో గడగడా అప్పజెబుతారు. ఫ్లాస్క్ సంగతి అడిగితే మాత్రం ‘ప్లాస్టిక్ మేడమ్’ అని ఊరుకుంటారు. బ్యాక్టీరియాకు వాడే పెట్రీ డిష్, కణాలకు వాడే ఫ్లాస్క్, రెండూ పాలిస్టైరినే. చూపుకు తేడా తెలియదు, నీటిచుక్క వేస్తే తెలుస్తుంది. డిష్‌లో చుక్క ఉబ్బి నిలబడుతుంది, ఫ్లాస్క్‌లో పరుచుకుంటుంది. ఫ్లాస్క్ లోపలి ఉపరితలానికి తయారీలోనే ప్లాస్మాతోనో కరోనా డిశ్చార్జితోనో ఆక్సిజన్ సమూహాలు అతికిస్తారు. (ఈ కరోనా వేరు, కంగారు పడకండి.)

ఇంతా చేస్తే కణం ఆ ప్లాస్టిక్‌ను నేరుగా ముట్టుకోదు. అది కిందికి దిగేలోపే, మీడియాలో కలిపే సీరంలోని (జంతువుల రక్తం నుంచి తీసిన ద్రవంలోని) ప్రొటీన్లు వచ్చి పరుచుకుంటాయి. సిటీబస్సు సంగతే అనుకోండి: ముందు ఎక్కిన పిల్లలు సీట్లు పట్టుకుంటారు, వెనక వచ్చిన పెద్దవాళ్లు లేపి కూర్చుంటారు. రాశిలో ఎక్కువ, నడకలో చురుకు అయిన అల్బుమిన్ ముందు చేరుతుంది. పట్టు ఎక్కువున్న ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ ఆనక వచ్చి దాన్ని తప్పిస్తాయి. రక్తంలోని ప్రొటీన్లలో ఈ వరస మార్పును గమనించిన లియో వ్రోమన్ డచ్ భాషలో పేరున్న కవి కూడా.

పెట్రీ డిష్‌లా నీటిని తోసేసే ఉపరితలం మీద మాత్రం అల్బుమిన్ రూపు చెడి అక్కడే అతుక్కుపోతుంది, లేవదు. ఫైబ్రోనెక్టిన్ చేరినా తిరగబడి కూర్చుంటే దండగే. అందులో ఆర్‌జీడీ అనే మూడు అమైనో ఆమ్లాల ముక్క పైకి తేలి ఉంటేనే కణం మీది ఇంటెగ్రిన్లు అందుకుంటాయి. పోనీ నీటికి బాగా దగ్గరైనదే మేలా అంటే, అదీ కాదు. పాలిఇథిలీన్ గ్లైకాల్ పూత మీద ప్రొటీనూ నిలవదు, కణమూ నిలవదు.

ఇప్పుడు టీకాల తయారీలో సీరం లేని మీడియా వైపు మొగ్గుతున్నారు. జంతు పదార్థం తప్పడం మంచిదే. అయితే తొలి పొర వేసే ప్రొటీన్లు కూడా సీరంతోపాటే పోతాయి. మీడియా ఎంత ఖరీదైనదైనా, ముందు ఫ్లాస్క్ మీద పూత ఏమిటో చెప్పమని కొనుగోళ్ల వాళ్లను నేను విసిగించేది అందుకే.