నాగరాజు, ధ్రువుడు

చిత్రకథ యనగానే పెదవి విరుచు పండితులున్నారు. హిందీలో రాజ్ కామిక్స్ వారు 1986లో నాగరాజును, 1987లో ధ్రువుని బాలుర చేతికిచ్చిరి. నాగరాజు దేహమే విషనిధి. అతని గెలుపు మొదటి పుటలోనే తెలిసిపోవును. అనుపమ్ సిన్హా కల్పించిన ధ్రువునకు పుట్టుకతో వచ్చిన దివ్యశక్తి యేదియు లేదు. సర్కసు మంటలలో తలిదండ్రులను గోల్పోయిన ఈ కుర్రవాడు అచట నేర్చిన విద్యలతోను, శాస్త్రజ్ఞానముతోను ఆపదలను గడచును. అతనికి తోచిన ఉపాయము, కొంచెము యోచించినచో, చదువు బాలునకును తోచవచ్చును. నాకు నచ్చినది ఇదియే. సంభాషణలు మాత్రము దీర్ఘములు. బొమ్మ చూపినదానినే మాట మరల చెప్పును. తెలుగు చేయువారు అచట కత్తెర వాడినను దోషము లేదు. మొదట 'ప్రతిశోధ్ కీ జ్వాలా' చదువుడు. అందు పగ యున్నది గాని, పగకంటె నేరస్థులను పట్టు నేర్పే ముచ్చటగా నున్నది.