గొట్టం మీది అక్షరాలు

సన్నని గొట్టమా, నిన్ను పాడినవాళ్లు తక్కువ. పులిని పడగొట్టిన జోడుగొట్టాల రైఫిళ్లకు కథలున్నాయి, దివాణాల గోడల మీద చోటుంది, పాత ఫోటోల్లో దొరవారి మోకాలి పక్కన నిలబడే గౌరవముంది. హైదరాబాదులో నిజాం మహబూబ్ అలీ పాషా వేటల్ని లాలా దీన్ దయాళ్ కెమెరాతో పట్టి ఉంచాడు. నువ్వు ఆ పటాల అంచుల్లో కూడా కనిపించవు. కుందేలు, కౌజు, చేను మీద వాలే పిట్ట: నీ లెక్క అంతవరకే. చిన్న దొరలకు గురి నేర్పిన చేతికర్రవి నువ్వు. నీ మీద ఎవరూ పుస్తకం రాసి అటక మీద దాచలేదు. నీ చరిత్ర నీ ఒంటి మీదే ఉంది: నాలుగు అక్షరాలు, ఐదారు అంకెలు, ఒక కిరీటం. చదివేవాడికి అది చాలు.

సండూరు లోయలోని తారానగర్‌లో కూర్చుని ఇనుముని పొగడటానికి వేరే కారణం వెతకక్కర్లేదు. ఇక్కడ మన్నే ఇనుము. వాన పడితే కొండ మీంచి దిగే నీళ్లు ఎర్రగా దిగుతాయి, నారిహళ్ళ డ్యాము దాకా ఆ రంగు మోసుకుపోతాయి. సండూరు కొండల రాయి లారీలెక్కి ఊళ్లూ రేవులూ దాటిపోతుంది. ఆ రాయి నీదైందని చెప్పను. నీ ఉక్కు బర్మింగ్‌హామ్‌లో, న్యూ హేవెన్‌లో కాగింది. నువ్వు ఓడ దిగి మద్రాసు చేరి, అక్కణ్ణించి ఈ ఎర్రనేలకు వచ్చినదానివి. బళ్ళారిలో ఇంగ్లీషు దండు ఉండేది. సండూరులో ఘోర్పడేల సంస్థానం ఉండేది. తుపాకి కొనే చేతులు రెండు చోట్లా ఉన్నాయి.

ఈ లోయలో నీ కాగితాలు కూడా ఒక గ్రంథమే. 1949 ఏప్రిల్‌లో సండూరు మద్రాసు ప్రావిన్సులో కలిసింది. 1953 అక్టోబరులో, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజునే, బళ్ళారి మైసూరుకు పోయింది. 1973లో మైసూరు పేరు కర్ణాటక అయింది. ఇల్లు కదలలేదు, ఇంట్లో తెలుగు మారలేదు, బజారులో కన్నడం మారలేదు. ఒక కుటుంబం మూడు తరాలుగా నిన్ను లైసెన్సు మీద ఉంచుకుని ఉంటే ఆ పుస్తకాల పైన ప్రభుత్వాల పేర్లు మారుతూ వస్తాయి, నీ నంబరు మాత్రం మారదు. ఆ నంబరుని పట్టుకుని వెనక్కి నడవాలి.

నడక ఎక్కడ మొదలు? గొట్టం మీది పేరు దగ్గరే, కాని అనుమానంతో. పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు అని ఉంటే సంతోషించు, నమ్మెయ్యకు. మౌంట్ రోడ్డు మీద గడియారాలూ నగలూ అమ్మిన ఆ కొట్టు తుపాకులూ అమ్మింది. కలకత్తాలో మాంటన్, రాడ్డా కంపెనీలూ అంతే. అమ్మినవాడి పేరు పైన మెరుస్తుంది, చేసినవాడి గుర్తు కింద దాక్కుంటుంది. భుజానికి ఆనే మడమ దగ్గరి రేకు కింద, కర్ర కప్పిన ఇనుము మీద, బోల్ట్ అడుగున వెతకాలి. ఆనించి నిలబెట్టిన మూడు రైఫిళ్ల బొమ్మ కనిపిస్తే అది బీఎస్ఏ ముద్ర, బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ వారిది.

తర్వాత కిరీటాలు. ఇంగ్లండులో ఏ గొట్టమైనా అమ్మకానికి ముందు ప్రూఫ్ హౌస్ గడప తొక్కాలి. అక్కడ మామూలు కంటే ఎక్కువ మందు పెట్టి పేలుస్తారు. పగలకపోతే ముద్ర. బర్మింగ్‌హామ్‌లో 1904కు ముందు అడ్డంగా పెట్టిన రెండు రాజదండాల మీద కిరీటం వేసేవారు. ఆ తర్వాత కిరీటం కింద బీపీ, బీవీ అనే అక్షరాలు వచ్చాయి. 1925 నియమాలు వచ్చాక పరాయి దేశపు తుపాకి అయితే ‘నాట్ ఇంగ్లిష్ మేక్’ అని కూడా కొట్టారు. అమెరికా రైఫిల్ మీద ఈ మూడు మాటలు చూశావా, అది తిన్నగా అమెరికా నుంచి రాలేదు, ఇంగ్లండు చేతుల మీదుగా వచ్చిందన్నమాట. ఒక సముద్ర ప్రయాణం మొత్తం గోటి వెడల్పున.

ఇక నీలో నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని పాడతాను. విన్‌చెస్టర్ 1890. బ్రౌనింగ్ సోదరులు ఊహించింది. గొట్టం కింది ముందుపిడి వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా మారే .22. మొత్తం 8 లక్షలకు పైగా తయారయ్యాయి. అంత ఎక్కువగా పుట్టినదాంట్లో అరుదు ఏముంటుంది అనుకుంటారు. ఉంది. మొదటి రెండేళ్లూ చేసినవి సుమారు 15,500. వాటి గొట్టం, మడమ ఒకటే కట్టు, విడదీయడానికి కుదరదు. 1892 నుంచి వచ్చినవి పక్క స్క్రూ తిప్పితే రెండు ముక్కలవుతాయి, పెట్టెలో పడతాయి, ప్రయాణానికి పనికొస్తాయి. ఆ స్క్రూ లేని ఒంటికట్టు చేతికి దొరికితే ఆగి చూడాలి. 1901 దాకా ఈ 1890 రైఫిళ్ల నడుము, అంటే తూటా మారే భాగం, రంగులుగా ఉండేది. ఉక్కుని ఎముకబొగ్గులో, కర్రబొగ్గులో కూరి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచితే పైపొర గట్టిపడుతుంది. ఆ గట్టిదనంతో పాటు నీలం, గోధుమ, లేతపసుపు చారలు పుడతాయి. ఎవరూ గీయని రంగులు. ఎండకూ చేతి చెమటకూ అవే మొదట పోతాయి. నూరేళ్ల తర్వాత బూడిదరంగు మిగిలి, చెయ్యి తగలని ఒక మూలన మాత్రం ఇంత నీలం నిలుస్తుంది. ఆ ఇంత నీలం దొరికినప్పటి ఆనందం ఏ నిధికీ తీసిపోదు. 1901 తర్వాత నడుముకూ నల్లని నీలిపూతే. 1908 నుంచి తాళం పడే గాట్లు నడుము పైన బయటికే కనిపిస్తాయి. ఇలా పై నుంచి చూస్తూనే దశాబ్దం చెప్పొచ్చు, ఒక్క తూటా పేల్చకుండా.

.22 అన్న అంకెని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. అంగుళంలో వందో వంతులు ఇరవై రెండు, అంటే 5.6 మిల్లీమీటర్లు, కాని ఆ పేరు మీద తూటాలు ఎన్నో. షార్ట్, లాంగ్, 1887లో వచ్చిన లాంగ్ రైఫిల్, విన్‌చెస్టర్ 1890 కోసమే పుట్టిన డబ్ల్యూఆర్ఎఫ్. 1890 రైఫిల్ ఏ తూటాకు చేస్తే దానికే, ఒకదాన్లో ఇంకోటి వాడకూడదు; అందుకే తూటా పేరు గొట్టం మీద ఉంటుంది. 1919లో గాని దానికి లాంగ్ రైఫిల్ రాలేదు. 1912లో వచ్చిన .22 శావేజ్ హైపవర్ అయితే ఆ పేరుతోనే వేరే జాతి. చైనాలో హ్యారీ కాల్డ్‌వెల్ అనే మిషనరీ దానితో పులుల్నే కొట్టాడు.

ఇంగ్లండులో నీ అక్కలు రూక్ రైఫిళ్లు. రూక్ అంటే కాకి జాతి పిట్ట, చేల మీద గుంపుగా పడేది. దానికోసం .300, .295, .255, .250 బోర్లలో హాలండ్ లాంటి పెద్ద ఇళ్లు కూడా మెత్తని చిన్న రైఫిళ్లు చేశాయి. తర్వాత చవకైన .22 వచ్చి వాటి పొట్ట కొట్టింది. అక్కడి చట్టం రైఫిల్ మీద గట్టిపడ్డాక ఎన్నిటికో లోపలి మెలిక గాళ్లు గీకేసి, నున్నగా తొలిచి, .410 షాట్‌గన్నులుగా మార్చేశారు. కనక రూక్ రైఫిల్ దొరికితే పై చెక్కడం చూసి మురిసిపోయే ముందు గొట్టంలోకి దీపం వేసి చూడాలి. మెలికలు తిరుగుతూ పోయే గాళ్లు కనిపిస్తే, అవి బతికి ఉంటే, అదీ అరుదు. దాన్ని పుట్టించిన కొట్టు కాదు, దాన్ని మార్చకుండా వదిలేసిన చేతులు చేసిన అరుదు.

మన దేశం కూడా ఒక రూపాన్ని పుట్టించింది. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి చేరకూడదని దొరతనం ఆంక్ష పెట్టింది. దానితో లీ రైఫిల్ ఒళ్లే ఉంచి .315 గొట్టం వేసి బీఎస్ఏ ఇక్కడికి పంపింది. చూపుకి సైనికుడు, తూటాకి పౌరుడు. స్వాతంత్ర్యం వచ్చాక మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు కూడా ఆ .315నే పట్టుకున్నాయి. చట్టం రాసిన ఒక వాక్యం ఇనుములో అచ్చుపడింది.

కంపెనీ లెక్కల పుస్తకం ఎంత గొప్ప సాక్షో వేటగాడు జిమ్ కార్బెట్ రైఫిల్ చెబుతుంది. 1907లో చంపావత్ పులిని చంపినందుకు దొరతనం అధికారి సర్ జాన్ హ్యూయెట్ ఆయనకిచ్చిన .275 రిగ్బీ. అది 7 మిల్లీమీటర్ల మౌజరే, ఇంగ్లీషు పేరు తొడుక్కుంది. మడమ మీద వెండి రేకు ఉంది. వెండి రేకు ఎవరైనా కొట్టించుకోవచ్చు. కాని లండన్‌లో రిగ్బీ వారి పాత లెడ్జరులో ఆ నంబరు ఎదుట 1905, మాంటన్, కలకత్తా అని ఉంది. రేకు చెప్పిన మాటకి గుమాస్తా చేతిరాత సాక్ష్యం పలికింది. విన్‌చెస్టర్ దస్తరాలు వ్యోమింగ్‌లోని కోడీ పట్నపు మ్యూజియంలో ఉన్నాయి. నంబరు ఆ పుటల్లోకి వస్తే అది కొట్టు దాటిన రోజు తెలుస్తుంది. ఆ గుమాస్తాల పేర్లెవరికీ తెలియవు. వాళ్లకు నా నమస్కారం.

దొంగ అరుదులు కూడా ఉంటాయి. సాన పట్టి కొత్త నీలిపూత పూసినదానికి అక్షరాల అంచులు కరిగిపోతాయి, ఎనిమిది పలకల గొట్టం పలకలు మొద్దుబారతాయి, స్క్రూ రంధ్రం చుట్టూ చిన్న గుంట పడుతుంది. రెండు ముక్కలయ్యే రైఫిల్లో ముందు సగం ఒకదానిది, వెనక సగం ఇంకోదానిది కావచ్చు. తర్వాతి కాలపు వాటిలో రెండు చోట్లా నంబరు ఉంటుంది, రెండూ కలవాలి. తరుగు అంతటా ఒకే వయసుది కావాలి. చెయ్యి పట్టేచోట అరిగి, కన్ను ఆనేచోట మెరిసి, మూలల్లో కొత్తగా ఉంటే అది నిజంగా బతికిన తుపాకి.

నిన్ను ఇలా చదివేవాడికి వేట అక్కర్లేదు. 1972 వన్యప్రాణి చట్టం ఆ కథ ముగించింది, ముగించడమే మంచిదైంది. దరోజీలో 1994 నుంచి ఎలుగుబంట్లకు అభయారణ్యం ఉంది. సండూరు రాజకుటుంబం వాడైన ఎం.వై. ఘోర్పడే కెమెరా పట్టుకుని అడవులు తిరిగి 1983లో తన చిత్రాల పుస్తకం తెచ్చాడు. గురి అదే, ఓర్పు అదే, పేలుడు లేదు. నిన్ను పరిశీలించే చూపు కూడా ఆ వంశానిదే.

నా భయమొక్కటే. 2019 ఆయుధ చట్టం సవరణ తర్వాత ఒకరి లైసెన్సు మీద రెండు తుపాకులే ఉండాలి. మూడోది అప్పగించాల్సిన ఇంట్లో ఏది పోతుంది? తాత పులిని కొట్టిన పెద్దది పోదు. నువ్వే పోతావు, చిన్నదానివి కనక, పిట్టల తుపాకివి కనక. చట్టానికి అడ్డం చెప్పను. పంపే ముందు ఒక పూట మాత్రం అడుగుతున్నాను. ముందు అది ఖాళీగా ఉందని లైసెన్సున్న డీలరుతో చూపించుకోండి. సాన పట్టకండి, మెరుగు పెట్టకండి. గొట్టం మీద ప్రతి అక్షరాన్ని, తప్పుగా అనిపించినా సరే, ఉన్నదున్నట్టు రాసుకోండి. కిరీటం ఎటు తిరిగి ఉందో గీసుకోండి. మడమ రేకు కింద నంబరు ఉంటే అదీ ఎక్కించండి. అటక మీది లైసెన్సు పుస్తకాలు దించి, సండూరు నుంచి కర్ణాటక దాకా వరసగా పేర్చి, ఫోటో తీయించండి. కంపెనీ లెడ్జరు బతికుంటే ఒక ఉత్తరం రాయండి. జవాబు వచ్చాకే తీసుకెళ్లండి.